అడ్రసు ప్రూఫు

నా కులం నా మొహం మీద రాసిలేదు. ఆధార్ కార్డు మీద కులం అని ఒక గడి కూడా లేదు. అయినా ఆ కార్డు చేతిలో పడ్డవాడికి నా కులం తెలియటానికి రెండు క్షణాలు చాలు. తండ్రి పేరు కింద, ఊరి పేరు పైన "హరిజనవాడ" అని అచ్చేసి ఉంటుంది. ఆ పేరు మేం పెట్టుకోలేదు. మా తాతలు దాన్ని పల్లె అన్నారు. ఎవడో రెవెన్యూ కాగితం మీద రాశాడు. అక్కడినుంచి ఓటరు లిస్టులోకి, రేషను కార్డులోకి పాకి, 2010లో మొదలైన ఆధార్‌లోకి కూడా దిగింది. కుల సర్టిఫికెట్ల మీద హరిజన్ అనే మాట రాయొద్దని 1982లోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు చెప్పింది. కుల సర్టిఫికెట్టు మీద ఉండకూడని మాట నా చిరునామాలో దర్జాగా కూచుంది. నా ఒక్కడి సంగతే కాదు. ఎస్సీ కాలనీ, మాలపల్లి, మాదిగపల్లి, అరుంధతీ నగర్, క్రిస్టియన్‌పాలెం. మీ కార్డులు తీసి చూసుకోండి. ఆధార్‌లో కులం గడి ఎందుకు పెట్టలేదో అర్థమవుతుంది. అక్కర్లేదు గనక.

ఇప్పుడు ఈ కార్డు గోల ఎందుకంటే, కొత్త రకం సత్రాలు వచ్చాయి. హోంస్టే అంటారు, సర్వీస్ అపార్ట్‌మెంటు అంటారు, ఫాంహౌస్ అంటారు. అరకులో, లంబసింగిలో, విశాఖ బీచిరోడ్డులో, కోనసీమ దిండిలో, హైదరాబాదు కొండాపూర్ ఫ్లాట్లలో ఒకరోజుకో రెండురోజులకో ఇల్లు అద్దెకిస్తారు. ఫోన్లో ఫోటోలు చూడాలి, అడ్వాన్సు కొట్టాలి, ఆ తర్వాత ఒక మెసేజి వస్తుంది: "అందరి ఆధార్ రెండువైపులా ఫోటో తీసి పంపండి." ఎవరికి పంపాలి? ఇంటి ఓనరు సొంత నంబరుకి.

లాడ్జీకీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. లాడ్జీలో మనం సంచీ భుజాన వేసుకుని కౌంటరు ముందు నిలబడి ఉంటాం. గుమాస్తా కార్డు చూసేసరికి మనం ఎదురుగా ఉంటాం. కాదనాలంటే మన కళ్లలోకి చూసి కాదనాలి, పక్కన నలుగురు ఉంటారు, గొంతు లేస్తుంది. ఈ కొత్త సత్రంలో ఓనరు వాళ్లింట్లో కాఫీ తాగుతూ నా తండ్రి పేరు, నా ఊరు, నా వాడ తీరిగ్గా చదువుకుంటాడు. ఆ తర్వాత ఇవ్వాలో వద్దో ఆలోచిస్తాడు. తనిఖీ అనే మాట వాళ్లది. మా ఊళ్లో ఈ పనిని "మీరేవుట్లు?" అని అడగటం అంటారు.

మా నాయిన జీవితంలో లాడ్జీలో దిగలేదు. గుంటూరు పెద్దాసుపత్రికి మా పెద్దమ్మని చూపించటానికి ఎన్నోసార్లు పోయాడు, రాత్రిళ్లు ఉండాల్సొచ్చేది. బస్టాండులో తువ్వాలు పరుచుకుని పడుకునేవాడు. లాడ్జీకి డబ్బుల్లేక కొన్నిసార్లు, ఉన్నా కొన్నిసార్లు. ఆ రిజిస్టరులో పేరు, తండ్రి పేరు, ఊరు, వచ్చిన పని అని గళ్లు ఉండేవి. చుట్టుపక్కల నాలుగు తాలూకాల ఊళ్లలో ఏ ఇంటిపేరు ఏ వాడలో ఉంటుందో గుమాస్తాకి కంఠతా. "బస్టాండు నన్ను పేరడగలేదురా" అనేవాడు మా నాయిన. ఆయన తరం టీ హోటల్లో రెండు గ్లాసులు చూసింది. మా గ్లాసు చూరుకింద వేరే ఉండేది, తాగి మనమే కడిగి పెట్టాలి. ఆ గ్లాసు దాచిపెట్టింది కాదు, అందరికీ కనపడేది. కారంచేడు తర్వాత, చుండూరు తర్వాత మనవాళ్లు లేచి కొట్లాడితే చాలా ఊళ్లలో ఆ గ్లాసు పోయింది. ఇప్పటి గ్లాసు ఫోన్లో ఉంది. కొట్లాడదామంటే ఎక్కడుందో చూపించలేం.

1992లో నేను పీజీ చదువుకి టవునుకొచ్చి గదికోసం తిరిగాను. అప్పుడు మొహమాటం లేదు. గేటు దగ్గరే అడిగేవాళ్లు. చెబితే "మా చుట్టాలొస్తున్నారు బాబూ" అనేవాళ్లు. ఇరవై ఇళ్లలో ఇరవైమందికీ చుట్టాలే. శ్రీశైలం పోండి, కులానికో సత్రం బోర్డు కట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ బోర్డుని నేను మెచ్చుకోను గానీ ఒకందుకు నయం. లోపలికి పోకూడదని దూరంనుంచే తెలుస్తుంది, అడ్వాన్సు కొట్టక్కర్లేదు.

మాయమ్మకి డెబ్బై దాటాయి. ఆమె చూసిందల్లా పొగాకు చేలు, పత్తి చేలు. కొండల్లో మంచు పడుతుందంట, ఒకసారి చూపించరా అంది. 2023 డిసెంబరులో అరకు పోదామని ఒక ఇల్లు మాట్లాడాను. ఓనరు మర్యాదస్తుడు. "మీ ఇల్లే అనుకోండి సార్, అమ్మగారికి వేడినీళ్లు పొద్దున్నే పెట్టిస్తాం" అన్నాడు. లెక్చరర్ని అని చెబితే ఇంకా సంతోషించాడు. సగం డబ్బు కొట్టాను. నలుగురి ఆధార్లూ పంపాను, నాది, నా భార్యది, మా అమ్మాయిది, మాయమ్మది. ఇరవై నిమిషాలు గడిచాయి. "సారీ సార్, ఆ డేట్స్‌లో పెయింటింగ్ వర్క్ పెట్టుకున్నాం" అని వచ్చింది. డబ్బు మాత్రం రూపాయి తగ్గకుండా వెనక్కి వేశాడు. ఆ నిజాయితీకి మెచ్చుకోవాలి కాబోలు.

మా కాలేజీలోనే పనిచేసే ఒక సారు ఉన్నాడు, పెద్ద కులం, మంచి మనిషి. ఆయనకి ఈ సంగతి చెబితే నమ్మలేదు. "నీ అనుమానం నీది, నిజంగానే రంగులేస్తున్నారేమో" అన్నాడు. మర్నాడు పొద్దున్నే నా ముందే అదే నంబరుకి, అవే తేదీలకి ఫోను చేశాడు. ఖాళీగానే ఉంది రండి సార్ అన్నాడు ఓనరు. సారు ఆధార్ పంపాడు. దాంట్లో అడ్రసు గుంటూరు బ్రాడీపేట. "కన్ఫర్మ్డ్ సార్" అని దండం బొమ్మ వచ్చింది. మా సారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. రంగు ఒక్క రాత్రిలో ఆరింది.

ఇంకో మాట చెప్పాలి. ఆ ఓనరు గిరిజనుడు కాదు. గిరిజనేతరుడి చేతికి గిరిజన భూమి పోకూడదని 1970లో వచ్చిన 1/70 చట్టం చెబుతుంది. అరకు కొండల్లో ఆయనగారి ఇల్లు ఎట్లా లేచిందో, ఎవరి పేరున ఉందో నాకు తెలియదు. నన్ను అడ్రసు ప్రూఫు అడిగినట్టు ఆ ఇంటిని ఎవరూ అడ్రసు ప్రూఫు అడగలేదని మాత్రం తెలుసు.

ఈ మాట ఎక్కడైనా అంటే "ఇప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఉంది కదండీ, అది పంపాల్సింది" అని సలహా చెబుతారు. చదువుకున్నవాళ్లు చెప్పే సలహా ఇది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగుళూరు కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వకండి, లైసెన్సు లేని హోటళ్లూ సినిమాహాళ్లూ కాపీలు తీసి పెట్టుకోకూడదు, మాస్క్‌డ్ ఆధార్ వాడండి అని. జనం గగ్గోలెత్తారు. రెండ్రోజుల్లో, 29న, తప్పుగా అర్థం చేసుకునే వీలుందని ఆ ప్రకటన వెనక్కి తీసుకున్నారు. సరే, ఆ మాస్క్‌డ్ కార్డులో ఏం మూస్తారో చూశారా? పన్నెండంకెల్లో మొదటి ఎనిమిదంకెలు. పేరు ఉంటుంది. తండ్రి పేరు ఉంటుంది. వాడ ఉంటుంది. నా కులం అంకెల్లో ఉందా? అంకెలు దాచుకోవాల్సిన భయం బ్యాంకులో దాచిన డబ్బు ఉన్నవాడిది. వాడి భయానికి ముసుగు తయారుచేశారు. నా భయం ఆ కార్డు డిజైను చేసినవాడి బుర్రలోకి రాలేదు.

పోనీ పాన్ కార్డు ఇస్తాను. దాంట్లో అడ్రసు ఉండదు. ఫోటో ఉంటుంది, పేరుంటుంది, పుట్టిన తేదీ ఉంటుంది. మనిషి ఎవరో తెలియటానికి ఇంకేం కావాలి? చాలా హోటళ్లూ ఈ ఇళ్లూ ముందే రాసిపెడతారు, పాన్ కార్డు చెల్లదు అని. ఎందుకు చెల్లదయ్యా అంటే అడ్రసు లేదు కదా అంటారు. అదీ అసలు సంగతి. నేను ఎవరినో వాళ్లకి అక్కర్లేదు. ఎక్కడినుంచి వచ్చానో కావాలి.

భద్రత అంటారు. బాంబులు అంటారు. 2007లో గోకుల్ చాట్, లుంబినీ పార్కు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ చూసినవాళ్లం, ఆ భయం ఉత్తిదని నేను అనను. కానీ 2008 నవంబరు 26 ముంబయి దాడికి ముందు తాజ్ హోటల్ని గదిగదీ చూసిపోయిన మనిషి ఎవరు? డేవిడ్ హెడ్లీ. వాడి పేరు దావూద్ గిలానీ. 2006లో అమెరికాలో చట్టప్రకారమే పేరు మార్చుకుని, అసలైన అమెరికా పాస్‌పోర్టు పట్టుకుని వచ్చి, తాజ్‌లోనే దిగాడు. తెల్లతోలు, దొర పేరు. తనిఖీ వాడికి సలాం కొట్టింది. పేరునిబట్టి, ఊరినిబట్టి మనిషిని కొలిచే తనిఖీకి కనపడేది నేనూ, టోపీ పెట్టుకున్న నా స్నేహితుడూ. కనపడనిది హెడ్లీ.

ఈ రిజిస్టర్ల పుట్టుక కూడా తెలుసుకోండి. సత్రాల వాళ్లు మేజిస్ట్రేటు దగ్గర నమోదు కావాలని, అడిగితే దిగినవాళ్ల లెక్క అప్పజెప్పాలని 1867లో బ్రిటిషువాళ్లు సరాయిల చట్టం తెచ్చారు. నాలుగేళ్లకి, 1871లో, నేరస్థ తెగల చట్టం తెచ్చారు. ఉత్తరాదిన మొదలైన ఆ చట్టం 1911 నాటికి మద్రాసు రాజ్యానికీ వచ్చింది. ఎరుకలవాళ్లు ఊరు దాటాలంటే పాసు, రాత్రి హాజరు, వేలిముద్రలు. ఒక చట్టం దారినపోయేవాణ్ణి లెక్కపెట్టింది, ఇంకో చట్టం కొందరిని అసలు దారిన పోనివ్వలేదు. 1952లో ఆ చట్టం రద్దయింది. సూర్యలంక బీచి రిసార్టులకి స్టువార్టుపురం ఎంతో దూరం కాదు. ఎరుకలవాళ్లని పెట్టిన సెటిల్‌మెంటు అది. నాతో చదువుకున్న మిత్రుడొకడు ఆ ఊరివాడు. టీచరు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సెలవులకి పిల్లల్ని తీసుకుని ఎక్కడికన్నా పోతే గది తన పేరున తీసుకోడు, కోడలి కార్డు ఇస్తాడు. కోడలిది వేరే ఊరు. "నా ఊరి పేరు మీద సినిమాలు తీశార్రా, ఎవడికి చెప్పి ఒప్పించను" అంటాడు నవ్వుతూ.

పేరు మార్చి సత్రంలో దిగటం మనకి కొత్త కాదు. 1917లో కొలంబియా, లండన్ చదువులు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన బాబాసాహెబ్‌కి ఊళ్లో ఉండటానికి చోటు దొరకలేదు. పార్సీల సత్రానికి పోయాడు. సత్రం చూసేవాడు పార్సీలకే ఇవ్వాలన్నాడు. చివరికి రిజిస్టరులో ఒక పార్సీ పేరు రాసుకుని ఉండనిచ్చాడు. రోజుకి రూపాయిన్నర. పదకొండో రోజు పదిపన్నెండుమంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి నిలబడ్డారు. "వీసా కోసం నిరీక్షణ"లో ఆయనే రాసుకున్నాడు ఇదంతా. చదవండి. ఆ కాలంలో రిజిస్టరులో అబద్ధం రాస్తే పదకొండు రోజులు గడిచాయి. ఇప్పుడు క్యూఆర్ కోడ్ గీకితే పదకొండు క్షణాలు కూడా గడవ్వు. టెక్నాలజీ వస్తే కులం పోతుందని చెప్పిన మేధావులు ఎక్కడున్నారో!

మన పెద్దమనుషులు అమెరికా చెబితేనే వింటారు కాబట్టి అమెరికా సంగతే చెబుతాను. 2015లో హార్వర్డ్ వాళ్లు ఒక పరీక్ష చేశారు. ఐదు నగరాల్లో ఎయిర్‌బిఎన్‌బి ఇళ్ల ఓనర్లకి సుమారు 6,400 మెసేజీలు పంపారు. అంతా ఒకటే, పేర్లే వేరు. సగం తెల్లవాళ్లవనిపించే పేర్లు, సగం నల్లవాళ్లవనిపించే పేర్లు. నల్ల పేర్లకి ఒప్పుకోవటం 16 శాతం తగ్గింది. 2016లో నల్లజాతివాళ్లు తమ అనుభవాలు బయటపెట్టి గోలచేశారు. కంపెనీ దిగొచ్చి, 2018నుంచి, ఇల్లు ఇస్తానని ఒప్పుకున్నాకే అతిథి ఫోటో ఓనరుకి కనపడేట్టు మార్చింది. ఒరెగాన్ రాష్ట్రంలో కోర్టు కేసు రాజీ తర్వాత, 2022 జనవరి చివరినుంచి ఆ రాష్ట్రవాసుల పూర్తి పేరు కూడా ముందు చూపరు, పొడి అక్షరాలే చూపుతారు. మన దగ్గర పొడి అక్షరం పెడితే అదీ ఇంటిపేరుదే అవుతుందనుకోండి, అది వేరే సంగతి. చూడాల్సింది ఏమిటంటే, అక్కడ దెబ్బ తిన్నవాళ్లు వరస మార్పించారు. ముందు ఒప్పుకోలు, తర్వాత మొహం. మాయమ్మతో నేను చేసిన ప్రయాణంలో వరస తలకిందులుగా ఉంది.

మనదేశంలో ఇట్లాంటి పరీక్షలు లేకపోలేదు. ఢిల్లీ చుట్టుపక్కల అద్దె ఇళ్ల మీద సుఖదేవ్ థోరట్, ఆయన తోటివాళ్లు చేసిన పరిశోధన 2015లో అచ్చయింది. దళితులనీ ముస్లింలనీ ఎట్లా తిప్పి పంపుతున్నారో అందులో ఉంది. నెలల తరబడి అద్దెకి ఇవ్వనివాడు రెండు రాత్రులకి మాత్రం ఎందుకిస్తాడు?

ఈ మధ్య అతిథుల ప్రైవసీ మీద పెద్ద చర్చ జరుగుతోంది, ఇంగ్లీషు పేపర్లలో. ఇళ్లలో రహస్య కెమెరాలు పెడుతున్నారని. ఎయిర్‌బిఎన్‌బి 2024 ఏప్రిల్ 30నుంచి ఇంటి లోపల కెమెరాలు ఎక్కడా ఉండకూడదంది. మంచిదే. కానీ కెమెరా మనల్ని చూడాలంటే ముందు మనల్ని లోపలికి రానివ్వాలి కదా. 2025 జనవరిలో ఓయో వాళ్లు మీరట్‌లో పెళ్లికాని జంటలకి గది ఇవ్వమన్నారు, బంధుత్వానికి రుజువు చూపమన్నారు. ఆ పిల్లల్లో కులం దాటి ప్రేమించుకున్నవాళ్లు ఎంతమంది ఉంటారో, ఆ కాగితం ఇంటికి చేరితే ఏమవుతుందో మిర్యాలగూడ తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. "ప్యూర్ వెజ్ ఫ్యామిలీస్ ఓన్లీ" అని రాసే ఇళ్ల గురించి చెప్పటం దండగ. అది మాంసం వాసన గురించి రాసిన మాట కాదు.

"మా ఇల్లు, మా ఇష్టం" అంటారు. నీ ఇంట్లో నువ్వు కాపురముంటే నీ ఇష్టం. రేటు కట్టి, ఫోటోలు పెట్టి, దారినపోయే ప్రతివాణ్ణీ రమ్మని పిలిచాక అది ఇల్లు కాదు, అంగడి. రాజ్యాంగం 15(2) అంగళ్లలోకి, హోటళ్లలోకి పోవటానికి కులం అడ్డు కాకూడదంది. 1955 పౌరహక్కుల రక్షణ చట్టంలో హోటల్ అంటే ఏమిటో చెప్పే చోట బోర్డింగ్ హౌసూ లాడ్జింగ్ హౌసూ రెండూ ఉన్నాయి. ధర్మశాల, సరాయి, ముసాఫిర్‌ఖానా కూడా నాలుగో సెక్షన్లో ఉన్నాయి. పేరు హోంస్టే అని మార్చుకుంటే ఆ మాటలు చెరిగిపోవు. అదే చట్టం పన్నెండో సెక్షను తెలుసుకోండి. బాధితుడు షెడ్యూల్డు కులంవాడైతే, అంటరానితనం వల్లే ఆ పని చేశారని కోర్టు ముందుగా అనుకుని నడవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. పెయింటింగ్ పని ఉందని ఆ ఓనరు రుజువు చేయాలి, లేదని నేను కాదు. శిక్ష నెలనుంచి ఆరునెలలు, జరిమానా వందనుంచి ఐదొందలు. ఐదొందలకి అరకులో ఒక రాత్రి గది కూడా రాదు. మన గౌరవం రేటు ఒక రాత్రి అద్దెకన్నా తక్కువ కట్టారు, 1976 సవరణ తర్వాత మళ్లీ పెంచాలని ఎవరికీ తోచలేదు.

నా అమ్మాయి వేరే దారి చెప్పింది. "నాన్నా, ఆధార్‌లో అడ్రసు మార్పిద్దాం. మనం ఉండేది టవున్లో కదా, ఫ్లాటు అడ్రసు పెడదాం" అని. దాని మాటలో తప్పేమీ లేదు, పది నిమిషాల పని. నా భార్య కూడా సై అంది. మాయమ్మ మాత్రం "నా కార్డు జోలికి రాకండి, నా ఇల్లు అక్కడుంది" అంది. నాకూ "హరిజనవాడ" అనే మాట మీద ప్రేమ లేదు. 2020లో మహారాష్ట్ర మంత్రివర్గం కులం పేర్లున్న వాడల పేర్లు మార్చాలని తీర్మానించింది. 2024 జూన్‌లో కేరళ కాలనీ అనే మాటే వద్దంది. మార్చనీ. కానీ అంబేద్కర్ నగర్ అని రాసినా అదే వాడ, చదివేవాడికి అదే అర్థం. అదీగాక టవున్లో ఫ్లాటు కొనుక్కున్న నేను అడ్రసు మార్చుకుంటే, వాడలోనే ఉన్న మా తమ్ముడి కొడుకు ఏ అడ్రసు పెట్టాలి? వాడు కూడా అరకు చూడాలనుకోవచ్చు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ఇల్లు ఇస్తానని ఒప్పుకుని డబ్బు తీసుకున్నాక, గుమ్మం ముందు, మనిషినీ ఫోటోనీ పోల్చి చూసుకోండి. పేరు, ఫోటో, వయసు. కాపీ తీసుకోవద్దు. వాడ చూడొద్దు. పోలీసులకి కావాలంటే పోలీసులకి పోయేట్టు పెట్టండి, ఓనరు ఫోన్లో ఎందుకు? కావాల్సిన వివరం మాత్రమే చూపించి మిగతాది మూసే సాంకేతికం ఉంది, ఆధార్ సంస్థే తయారుచేసింది. వాడమని ఎవరూ బలవంతపెట్టటం లేదు, అంతే. 2023లో వ్యక్తిగత డేటా చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలకి ఇంకా 18 నెలల గడువు ఇచ్చారు. మా నలుగురి కార్డుల ఫోటోలు చెరిపేయమని ఆ ఓనరుకి రాశాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు లేదు. మాయమ్మ వేలిముద్ర వేసి తెచ్చుకున్న కార్డు ఇప్పటికీ ఆయన ఫోన్లోనే ఉంది.

విద్యార్థి మిత్రులకి ఒక మాట. మీరు గుంపుగా సెలవులకి పోతారు, ఇళ్లు మాట్లాడతారు. కార్డు పంపేముందు ఆ తేదీలకి ఇల్లు ఖాళీ ఉన్నట్టు చూపే పేజీని ఫోటో తీసి పెట్టుకోండి. కార్డు పంపిన టైము రాసుకోండి. కాదంటే ఆ మెసేజీ చెరపొద్దు, తిట్టొద్దు కూడా, తిడితే వాడికి సాకు దొరుకుతుంది. వేరే ఇంటిపేరు, వేరే అడ్రసు ఉన్న స్నేహితుడితో అదే ఇంటికి, అవే తేదీలకి అడిగించండి. హార్వర్డ్ వాళ్లు చేసింది అదే, మా సారు ఆ పొద్దున చేసింది అదే. ఇద్దరి మెసేజీలూ పక్కపక్కన పెట్టి, తేదీ టైము కనపడేట్టు తీసి, మీ కాలేజీ సంఘానికి ఒక కాపీ, వకీలుకి ఒక కాపీ ఇవ్వండి. నా దగ్గర రెండూ ఉన్నాయి. కావాలంటే చూపిస్తాను.